పెట్టె మెరిస్తే సరిపోదు!

ఇంజినీరింగ్ సీటు ఖాయమైంది. ‘ల్యాప్‌టాప్ వద్దు నాన్నా, గేమింగ్ పీసీ కావాలి’ అన్నాడు పుత్రరత్నం. చీటీ ఎత్తిన డబ్బు డెబ్బైవేలు చేతిలో ఉంది. ఏ భాగానికి ఎంత పెట్టాలి? ఎక్కడ చెయ్యి బిగబట్టాలి? ఎక్కడ బిగబడితే మొదటికే మోసం వస్తుంది?

ఫోన్లో ఓ ప్రకటన. నల్లటి పెట్టె, దానికో అద్దపు తలుపు, లోపల దీపావళిలా వెలుగుతున్న ఫ్యాన్లు. కింద పెద్ద అక్షరాలతో... ‘ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. మానిటర్, కీబోర్డు, మౌస్‌తో సహా పాతికవేల లోపే!’

అబ్బాయి కంటే ముందు నాన్నే మురిసిపోయాడు. ‘ఐ3 కంటే ఐ5 గొప్పది, దానికంటే ఐ7 గొప్పది. ఆ మాత్రం నాకూ తెలుసు. పాతికవేలకే ఐ7 ఇస్తుంటే డెబ్బైవేలు ఎందుకురా తగలెయ్యడం?’

ఇది ఏదో ఒక్క ఇంటి ముచ్చట కాదు. కౌన్సెలింగ్ ముగిసి, కాలేజీలు తెరిచే లోపు చాలా ఇళ్లలో జరిగే పంచాయితీయే. పైగా ఆ ప్రకటనలో ఒక్క అబద్ధం కూడా లేకపోవచ్చు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఏ ఏటి ఐ7?

ఐ7 అన్నది ఒక ప్రాసెసర్ పేరు కాదు, ఇంటి పేరు. ఆ ఇంట్లో తాతలున్నారు, మనవలున్నారు. ప్రకటనల్లో కనిపించే చౌక ఐ7 చాలాసార్లు రెండో తరానిదో మూడో తరానిదో అయి ఉంటుంది. ఐ7-2600 అయితే 2011లో, ఐ7-3770 అయితే 2012లో మార్కెట్లోకి వచ్చినవి. ఆఫీసులు పాత కంప్యూటర్లను వదిలించుకున్నప్పుడు వాటిలోంచి ఊడదీసిన ప్రాసెసర్లకు పేరూ ఊరూ లేని కొత్త మదర్‌బోర్డు తగిలించి, మెరిసే పెట్టెలో కూర్చోబెడతారు. పెట్టె కొత్తదే. లైట్లూ కొత్తవే. మెదడుకు మాత్రం పుష్కరం దాటింది.

2022 జనవరిలో వచ్చిన ఐ3-12100ఎఫ్‌నే తీసుకోండి. కోర్ల లెక్కలో ఆ పాత ఐ7కీ ఈ ఐ3కీ తేడా లేదు. రెండింటికీ నాలుగే. అయినా ఆటల్లో ఈ ‘చిన్న’ ఐ3 ఆ ‘పెద్ద’ ఐ7ను దాటి చాలా దూరం వెళ్లిపోతుంది. అందుకే ఐ పక్కన అంకె కాదు, గీత తర్వాత అంకెలు చదవాలి. 3770లో మొదటి అంకె మూడు... మూడో తరం. 12400లో మొదటి రెండంకెలు పన్నెండు... పన్నెండో తరం. దుకాణదారు ‘ఐ7 సార్’ అని ఊరుకుంటే ‘పూర్తి నంబరు చెప్పండి’ అనాలి. ఆ ఒక్క ప్రశ్నతో సగం ప్రకటనలు పక్కకు పోతాయి.

ఇంకో తంటా కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్ అయితే కనీసం ఎనిమిదో తరం ఉండాలి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిపోయింది. పాత యంత్రంలో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ మన పిల్లలు తెగ ఆడే వాలరెంట్ ఆట విండోస్ 11 మీద నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లు ఉండి తీరాలి. పాత బోర్డుల్లో అవి ఉండవు. పాతికవేలు పెట్టి తెచ్చాక ఆ ఆటే మొరాయిస్తే ఇంట్లో పరిస్థితి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఆ ‘4 జీబీ గ్రాఫిక్స్ కార్డు’. చాలావరకు అది జీటీ 730. పుట్టింది 2014లో. నాలుగు జీబీల మెమొరీ నిజమే, కానీ నెమ్మదైన పాత రకం. గోదాము పెద్దదే... తలుపు మాత్రం కిటికీ అంత. సరుకు లోపలికీ బయటికీ కదిలేదెప్పుడు?

ముందు ఆట పేరు చెప్పు

దుకాణానికి వెళ్లేముందు నాన్న అడగాల్సింది ‘ఎంతవుతుంది?’ అని కాదు, ‘ఏం ఆడతావు?’ అని.

వాలరెంట్, 2015లో కంప్యూటర్‌కి వచ్చిన జీటీఏ 5 లాంటివి తేలిక ఆటలు. సైబర్‌పంక్ 2077, 2024లో వచ్చిన బ్లాక్ మిత్ వుకాంగ్ లాంటివి యంత్రానికి చెమటలు పట్టించే రకం. అబ్బాయి జవాబు మొదటి రకమే అయితే అసలు గ్రాఫిక్స్ కార్డే కొననక్కర్లేదు. ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600జీ, 8600జీ లాంటి ప్రాసెసర్లలో ఓ మాదిరి గ్రాఫిక్స్ లోపలే ఉంటాయి. 8600జీ అయితే తేలిక ఆటలను హాయిగా లాగేస్తుంది. బడ్జెట్లో పెద్ద ముక్క మిగిలిపోతుంది. ఏడాది తర్వాత మోజు తగ్గకపోతే అప్పుడు కార్డు తెచ్చి బిగించుకోవచ్చు. నిజం చెప్పాలంటే, సెమిస్టర్ పరీక్షలు మొదలయ్యాక మోజు సంగతి ఎవరికి తెలుసు!

రెండో ప్రశ్న మానిటర్ గురించి. దీన్ని చాలామంది ఆఖర్న అడుగుతారు. నిజానికి లెక్క మొదలయ్యేదే దానితో. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు. ఆటలో బొమ్మ సాఫీగా కదలాలంటే ఆ చుక్కల ముగ్గును సెకనుకు కనీసం 60 సార్లు చెరిపి మళ్లీ వేయాలి. అంటే ప్రతి సెకనుకూ పన్నెండు కోట్ల నలభై లక్షల చుక్కలకు రంగులు నింపాలి. తెర 4కే అయితే ముగ్గు నాలుగింతలవుతుంది. డెబ్బైవేల బడ్జెట్లో 4కే మాట ఎత్తకపోవడమే మంచిది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర చాలు. అదీ కుదరకపోతే హెచ్‌డీఎంఐ తీగతో ఇంట్లో టీవీకి తగిలించి మూడు నెలలు నెట్టుకురావచ్చు. కాకపోతే సీరియల్ టైమ్‌కి అమ్మతో ఒప్పందం చేసుకోవాలి.

చేతులున్న చోటికే డబ్బు

ఆ ముగ్గు వేసేది ప్రాసెసర్ కాదు, గ్రాఫిక్స్ కార్డు. పెళ్లింట్లో ప్రాసెసర్ పెద్దమనిషి లాంటిది. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఏది ముందు జరగాలి అని చెబుతుంది. గ్రాఫిక్స్ కార్డు వంటశాల. అక్కడ బుర్ర కంటే చేతులు ఎక్కువ కావాలి. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్లో ఉండే కోర్లు ఆరు. ఆర్‌టీఎక్స్ 5050 అనే చిన్న గ్రాఫిక్స్ కార్డులో రంగులు నింపే బుల్లి కోర్లు 2560!

అందుకే గేమింగ్ కోసమే కొంటున్నప్పుడు మొత్తం బడ్జెట్లో మూడో వంతుకు తగ్గకుండా, కుదిరితే నలభై శాతం దాకా గ్రాఫిక్స్ కార్డుకే కేటాయించాలి. మొదటిసారి కట్టేవాళ్లు చేసే పొరపాటు దీనికి తలకిందులు. ‘ప్రాసెసర్ పెద్దది ఉండాలిగా’ అని ఐ7 దగ్గర ఖర్చుపెట్టేసి, మిగిలిన చిల్లరతో ఏదో ఒక కార్డు కొంటారు. పెద్దమనుషులు పదిమంది, వంటమనిషి ఒక్కడు... పంక్తిలో ఆకులు ఖాళీ!

ఈ బడ్జెట్లో 2024 చివర నుంచి మాటల్లో నలుగుతున్న కొత్త కార్డులు కొన్నే. ఇంటెల్ ఆర్క్ బీ580 విడుదల ధర 249 డాలర్లు. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5050దీ అంతే. ఆర్‌టీఎక్స్ 5060, ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీలో 8 జీబీ రకం 299 డాలర్లు. మన దగ్గరికి వచ్చేసరికి పన్నులూ లాభాలూ కలిసి ఆ డాలర్ల లెక్క కంటే ఎక్కువే పడుతుంది. వారం వారం మారే రేటు కాబట్టి కొనే రోజున రెండు మూడు చోట్ల అడగాల్సిందే.

వీటిలో బీ580కి 12 జీబీ మెమొరీ ఉంది, మిగతా మూడింటికీ 8. కొత్త ఆటలు బొమ్మల నాణ్యత పెంచేకొద్దీ ఎనిమిది ఇరుకైపోతోంది కాబట్టి బీ580 మీద మనసు పోవడం సహజం. కానీ దానికో గొంతెమ్మ కోరిక ఉంది. మదర్‌బోర్డులో ‘రీసైజబుల్ బార్’ అనే సదుపాయం ఉండాలి, ప్రాసెసర్ కొత్తదై ఉండాలి. పాత ప్రాసెసర్ పక్కన పెడితే వేగం బాగా పడిపోతోందని 2025 జనవరిలో జరిపిన పరీక్షల్లో బయటపడింది. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లో కార్డు ఒక్కటే మారుద్దామనుకునేవాళ్లకు ఇది తగదు. అంతా కొత్తగా కట్టేవాళ్లకు నిక్షేపం.

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటివి చవగ్గా దొరికితే మాత్రం ఆగి ఆలోచించాలి. 2022లో వచ్చిన ఈ కార్డుకు మెమొరీ నాలుగు జీబీలే, మదర్‌బోర్డుతో మాట్లాడుకునే దారులూ నాలుగే. పాత బోర్డులో పెడితే ఉన్న వేగమూ కొంత ఆవిరి.

ఎఫ్ అంటే ‘ఫ్రీ’ కాదు

ప్రాసెసర్ విషయంలో పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఆరు కోర్లు చాలు. ఇంటెల్లో ఐ5-12400ఎఫ్, ఏఎండీలో రైజెన్ 5 5600... రెండూ 2022లో వచ్చినవే అయినా ఈ స్థాయి కార్డులకు సరిజోడు. చేతిలో ఇంకాస్త ఉంటే ఏఎండీ వాళ్ల ఏఎం5 సాకెట్ బోర్డు వైపు వెళ్లొచ్చు. 2027 తర్వాత కూడా ఆ సాకెట్‌కు కొత్త ప్రాసెసర్లు తెస్తామని కంపెనీ మాటిచ్చింది కాబట్టి మూడు నాలుగేళ్లకు బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది.

నంబరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ లేవని అర్థం. కార్డు తర్వాత కొనుక్కుందాంలే అనుకుని ఎఫ్ రకం ఇంటికి తెస్తే తెర మీద గీత కూడా రాదు. కొన్ని వందలు మిగిలాయన్న సంతోషం ఆ రాత్రికే ఆవిరైపోతుంది.

ర్యామ్ దగ్గరికొచ్చేసరికి కథ మారిపోయింది. ఒకప్పుడు ‘అదెంతలే’ అనిపించిన భాగమది. 2025 చివర్లో దాని ధర కొన్ని నెలల్లోనే రెట్టింపు దాటింది. కారణం ఆటలు కాదు, కృత్రిమ మేధ. దాని డేటా సెంటర్లకు కావాల్సిన మెమొరీ తయారీలో కంపెనీలు మునిగిపోవడంతో ఇళ్లకు వచ్చే సరుకు తగ్గింది. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారాన్నే చుట్టేస్తున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో కట్టే డేటా సెంటర్‌కీ హనుమకొండలో అబ్బాయి పీసీకీ సంబంధం ఉందంటే నాన్న నమ్మకపోవచ్చు. కానీ బిల్లు నమ్మిస్తుంది.

ఈ పరిస్థితుల్లో 32 జీబీ ఆశ మానుకుని 16తో సరిపెట్టుకోవడమే తెలివి. అదీ ఒకే 16 ముక్క కంటే రెండు 8లు మేలు. రెండు దారుల్లో సరుకు వస్తే పని చకచకా సాగుతుంది. లోపలి గ్రాఫిక్స్‌తోనే ఆడదామనుకునే వాళ్లకైతే ఇది తప్పనిసరి. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 ర్యామ్ పట్టదన్నది గుర్తుంచుకోవాలి. స్నేహితుడి దగ్గర పాత డీడీఆర్4 ర్యామ్ మంచిది దొరికితే బోర్డు కూడా దానికి తగ్గట్టే ఎంచుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డులా దానికి ఫ్యాన్లు అరిగే బాధ లేదు కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో కాస్త ధైర్యంగా కొనగలిగేది ర్యామే.

కనిపించని కాపలాదారు

పట్టిక మొత్తం రాసుకుని కూడిక వేస్తే ఎప్పుడూ అయిదారువేలు ఎక్కువే వస్తుంది. అప్పుడు అబ్బాయి చూపు ఒక్కచోటే ఆగుతుంది... ఎస్‌ఎంపీఎస్. ‘ఇది కరెంటిచ్చే డబ్బానే కదా! క్యాబినెట్‌తో పాటు ఒకటి ఉచితంగా వస్తోందట. దీన్ని తీసేద్దాం నాన్నా.’

తీసేయకూడనిది అదొక్కటే.

గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12 వోల్టులు, 5 వోల్టులుగా మార్చి ప్రతి భాగానికీ అందించేది ఎస్‌ఎంపీఎస్. అది నాసిరకమైతే పోయేటప్పుడు తానొక్కతే పోదు. మదర్‌బోర్డునో గ్రాఫిక్స్ కార్డునో వెంటబెట్టుకుని మరీ పోతుంది. రెండు మూడువేలు మిగుల్చుకుందామని చూస్తే పాతికవేల కార్డు బూడిదవుతుంది. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ ఎలా ఎగిరి పడుతుందో, గాలివాన వస్తే కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మన ఊళ్లలో ఉండేవాళ్లకు చెప్పాలా?

ఉచిత డబ్బా మీద కూడా ‘450 వాట్లు’ అని దర్జాగా రాసి ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా పక్కనున్న చిన్న పట్టిక చూడాలి. అందులో 12 వోల్టుల వరసలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి పన్నెండుతో గుణించాలి. అక్కడ 16 అని ఉంటే 192 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది ఆ వరస మీదే. ఆర్‌టీఎక్స్ 5050 ఒక్కటే 130 వాట్ల దాకా తాగుతుంది. ప్రాసెసర్ 65. అవి చాలక ఫ్యాన్లు, డిస్కులు. పైగా ఆట మంచి పట్టులో ఉన్నప్పుడు వాడకం క్షణంపాటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ చిన్న కార్డుకు కూడా ఎన్‌విడియా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని చెబుతున్నది ఇందుకే.

పెట్టె మీద ‘80 ప్లస్’ గుర్తు ఉందా అని చూడటం మంచిదే. తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం వృథా కాకుండా అందిస్తుందని దానర్థం. అయితే అది పొదుపుకు ఇచ్చే గుర్తు, మన్నికకు కాదు. మన్నిక తెలియాలంటే వారంటీ చూడాలి. అయిదేళ్లు హామీ ఇచ్చే కంపెనీకి తన సరుకు మీద ఎంతో కొంత నమ్మకం ఉన్నట్టే. గ్రాఫిక్స్ కార్డుకు కావాల్సిన తీగ ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా రావాలి. ‘ఈ కన్వర్టర్ పెట్టుకోండి సార్, ఏం కాదు’ అంటే ఆ డబ్బాకు అంత సత్తువ లేదని దుకాణదారే ఒప్పుకుంటున్నాడన్నమాట.

ఇంట్లో చూసుకోవాల్సినవీ ఉన్నాయి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది గానీ దాని వెనక ఎర్తింగ్ ఉండదు. క్యాబినెట్ ఇనుము తాకితే వేలికి జివ్వుమంటే అదే కారణం. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, తర్వాతే ఆటలు. ఇన్వర్టర్ మీద నడుపుదామంటే అది సైన్‌వేవ్ రకమో కాదో చూసుకోవాలి. పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్లతో కొన్ని మంచి ఎస్‌ఎంపీఎస్‌లు సర్దుకోలేవు. సైన్‌వేవ్ అయినా చాలావాటికి వెనక ‘యూపీఎస్ మోడ్’ అని ఓ మీట ఉంటుంది. అది వేయకపోతే కరెంటు పోయిన క్షణంలో కంప్యూటర్ కూడా ఆగి మళ్లీ మొదలవుతుంది.

మరి ఆ అయిదారువేలు ఎక్కడ తగ్గించాలి? పెట్టెలో. రంగుల లైట్లకు వేగంతో సంబంధం లేదు. ముందుభాగం అద్దంతో మూసేసిన క్యాబినెట్ చూడ్డానికి బాగుంటుంది గానీ గాలి ఎక్కణ్నుంచి వస్తుంది? రామగుండం, రెంటచింతల ఎండల్లో ఏసీ లేని గదిలో ఆడుకునే పిల్లాడికి ముందు జల్లెడలాంటి వల ఉన్న సాదా పెట్టె వెయ్యి రెట్లు నయం. లైట్లున్న ర్యామ్ బదులు లైట్లులేనిది, ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ బదులు సగం. తర్వాత ఎప్పుడైనా రెండోది చేర్చుకోవచ్చు.

సెకండ్‌హ్యాండ్ సంతలో

‘అదే కార్డు సగం ధరకే దొరుకుతోంది’ అని స్నేహితుడు ఫోన్ చేస్తాడు. చేయకపోతేనే ఆశ్చర్యం. 2020, 2021ల్లో క్రిప్టో నాణేల తవ్వకం కోసం గ్రాఫిక్స్ కార్డులు కుప్పలుగా కొన్నారు. 2022 సెప్టెంబరులో ఇథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో ఆ తవ్వకానికి పని లేకుండా పోయింది. రాత్రింబగళ్లు పనిచేసి అలిసిన కార్డులన్నీ సంతకెక్కాయి. అవన్నీ చెడ్డవని కాదు. చెయ్యిపెట్టి చూడకుండా కొనడం చెడ్డది. అమ్మేవాళ్ల ఇంట్లోనే ఓ అరగంట ఆట నడిపించి చూడాలి. తెర మీద వింత గీతలు, చుక్కలు వచ్చినా, ఫ్యాను గరగరలాడినా దండం పెట్టి వచ్చేయడమే.

అంతకంటే పెద్ద మాయ పేర్లలో ఉంది. ‘ఆర్‌ఎక్స్ 580’ అని అమ్ముతారు. పెట్టె మీద చిన్నగా ‘2048ఎస్‌పీ’ అని ఉంటుంది. అసలు 580లో ఉండాల్సినవి 2304 బుల్లి కోర్లు. అంటే ఇది పేరు మార్చుకున్న తమ్ముడు. ఇంకొన్ని కార్డులు పూర్తిగా దొంగవేషం వేసుకుంటాయి. పదేళ్ల వెనకటి కార్డులో సమాచారం మార్చి, కంప్యూటర్‌కు తగిలిస్తే ‘నేను 1050 టీఐని’ అని చెప్పేలా చేస్తారు. జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇలాంటి దొంగలను 2018 నుంచి పట్టిస్తోంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే సరి.

నిజమైన కార్డే అయినా వయసు చూడాలి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025 మేలో వచ్చిన డూమ్... ఈ రెండూ రే ట్రేసింగ్ చేయగల కార్డు లేకపోతే మొదలే కావు. జీటీఎక్స్ 1650, 1660 ఎంత చవగ్గా వచ్చినా ఆ ఆటలకు పనికిరావు. ఏం ఆడతావని మొదట అడిగిన ప్రశ్న మళ్లీ ఇక్కడ అక్కరకొస్తుంది.

పార్క్‌లేన్‌లో ఓ పూట

హైదరాబాద్‌లో ఈ సరుకుకు పెట్టింది పేరు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరూ సీటీసీ అనేస్తారు. చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకు ఎస్పీ రోడ్ ఎలాగో మనకిది అలాగ. మొదటి దుకాణంలోనే బిల్లు చేయించేయకుండా నాలుగైదు మెట్లెక్కి దిగితేనే తేడా తెలుస్తుంది.

కొటేషన్ కాగితం మీద ‘గ్రాఫిక్స్ కార్డు 8 జీబీ, ఎస్‌ఎంపీఎస్ 550, ర్యామ్ 16’ అని రాసిస్తే తీసుకోకూడదు. ‘బియ్యం ఒక బస్తా’ అన్నట్టుంటుంది. సన్నాలా, దొడ్డువా, రేషనా? కంపెనీ పేరు, పూర్తి మోడల్ నంబరు, వారంటీ ఎన్నేళ్లు... ప్రతి వస్తువు ఎదురుగా ఉండాలి. అలా రాసున్న కాగితాన్నే ఇంకో దుకాణంలో చూపించి బేరం ఆడగలం. ప్రాసెసర్ సీల్డ్ పెట్టెలో ఇస్తున్నారా, విడిగా ‘ట్రే’ రకం ఇస్తున్నారా అడగాలి. పెట్టెలోదానికి కంపెనీ మూడేళ్ల వారంటీ ఉంటుంది. విడిదానికి దుకాణదారు మాటే వారంటీ.

ఇక చివర్లో వచ్చే మాట... ‘బిల్లు లేకపోతే తగ్గిస్తాను సార్!’ ఈ సామానుకు జీఎస్టీ 18 శాతం. డెబ్బైవేల బిల్లులో పన్నే పదివేల ఆరొందల దాకా ఉంటుంది. అందులో కొంత తగ్గిస్తానంటే ఎవరికైనా నోరూరుతుంది. కానీ రెండేళ్ల తర్వాత కార్డు మొరాయిస్తే సర్వీస్ సెంటర్లో మొదట అడిగేది ఆ బిల్లునే. దాని మీద సీరియల్ నంబర్లు కూడా వేయించుకుని, వెంటనే ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆ కాగితాల మీద అచ్చు ఏడాది తిరిగేసరికి తెల్లగా చెరిగిపోతుంది మరి!

బిగించే పని దుకాణంలోనే చేయిస్తారా, ఇంట్లో చేసుకుంటారా అన్నది ఇష్టం. ఇంజినీరింగ్ చదవబోయే పిల్లాడు ఆదివారం మధ్యాహ్నం స్క్రూడ్రైవర్ పట్టుకుని తానే బిగించుకుంటే మూడు నాలుగు గంటల పని. మదర్‌బోర్డు పుస్తకం చదివి ఒక్కొక్కటీ పెట్టాలి. కార్పెట్ మీద కూర్చోకుండా నేల మీద కూర్చోవాలి. నాన్న టార్చిలైట్ పట్టుకోవాలి.

అంతా అయ్యాక మీట నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. గుండె జారిపోతుంది. కంగారు పడనక్కర్లేదు. డీడీఆర్5 బోర్డయితే మొదటిసారి ర్యామ్‌ను పరిచయం చేసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. అప్పటికీ రాకపోతే మానిటర్ తీగ ఎక్కడ పెట్టారో చూడాలి. చాలామంది దాన్ని మదర్‌బోర్డుకు పెడతారు. అది కింద, గ్రాఫిక్స్ కార్డుకు పెట్టాలి. బొమ్మ వచ్చాక బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ అన్నదాన్ని ఆన్ చేస్తేనే చాలా ర్యామ్‌లు పెట్టె మీద రాసిన వేగంతో పనిచేస్తాయి. ఇక 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నవాళ్లు విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి చూడండి. అక్కడ ఇంకా 60 అనే ఉండొచ్చు. మారిస్తేనే మారుతుంది.